చీపురక్క ఖాళీ మిషన్

“కాదు, నువ్వే చెప్పు. అద్దెకిచ్చే ముందు ఇల్లు కడిగిస్తావా, లేదా? కడిగించి తాళం వేస్తావా, లేదా? ఆ తాళం నీ మరిది తీసి, లోపల కాళ్ళు చాపుకుని సినిమా చూసి, తను తెచ్చుకున్న కుర్చీ అక్కడే వదిలేసి వస్తే ఏం చేస్తావ్?”

మగవాడికి మరిది ఉండడని గుర్తు చేశాను.

“అదృష్టవంతుడివి. అందుకే ఆ నవ్వు,” అంది చీపురక్క, టీ కప్పు నా ముందు పెడుతూ. పెట్టడం అంటే మర్యాదకి అంటున్నాను. దించింది. సగం టీ సాసర్లోకి దూకింది. బల్ల మీద ఒలికిన చుక్కల్ని మళ్ళీ తనే గుడ్డ తెచ్చి తుడిచింది. ఎంత కోపంలో ఉన్నా బల్ల తడిగా ఉంటే ఆవిడ చెయ్యి ఊరుకోదు. ఆఫీసులో ఆ పేరు పెట్టినవాళ్ళు వెటకారంగానే పెట్టారు గానీ, సరిగ్గానే పెట్టారు.

ఈవిడ ఒక పెద్ద ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తుంది. ఇంటికి కింద వాటాలో అత్తగారూ మరిదీ, పై వాటాలో ఈవిడా భర్తా. పైకి రావాలంటే బయటి మెట్లొక్కటే దారి. ఆ మెట్ల మొదట్లో మరిది తన మోటారుసైకిలు అడ్డంగా నిలబెడతాడు. నేనూ పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టే ఎక్కాను.

“సైలెన్సర్ తగల్లేదు కదా?” అని అడిగింది. తగల్లేదన్నాను. “నాకు తగిలింది,” అని పిక్క మీద మచ్చ చూపించింది. గుండ్రంగా, ముద్ర వేసినట్టు ఉంది. “తీయమని ఎన్నిసార్లు చెప్పినా, ‘అయ్యో వదినా, మర్చిపోయాను’ అంటాడు. మర్చిపోయినవాడు రోజూ సరిగ్గా అదే చోట ఎలా పెడతాడు?”

“బావగారు చెప్పొచ్చు కదా.”

“మీ బావగారా? లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో ఏ మేడలో ఎవరు ఇరుక్కున్నా వెళ్ళి దించుతాడు. ఇంట్లో మాత్రం పైకీ రాడు, కిందికీ పోడు. మధ్యలో ఇరుక్కుని ఉంటాడు. అదిగో, విను.”

లోపలి గదిలోంచి టీవీ చప్పుడు ఇంకాస్త పెరిగింది.

చీపురక్కతో నా పరిచయం ఇప్పటిది కాదు. అప్పట్లో ఆవిడ ఆ ఆసుపత్రి గుమ్మంలోనే టెలిఫోన్ బోర్డు ముందు కూర్చునేది. నేను ఆ బోర్డు వెనక తీగలు సరిచేసేవాణ్ణి. ఎవరూ నేర్పకపోతే తప్పులు చేస్తూ నేర్చుకున్న పని. తప్పులు చేసిన ప్రతిసారీ ఆవిడ హెడ్‌ఫోను చెవినుంచి కాస్త జరిపి, “తీగలబ్బాయీ, పిల్లల వార్డుకి కలిపితే వంటగది పలుకుతోంది,” అనేది. అంతే. పైవాళ్ళకి ఫిర్యాదు చేసేది కాదు. నా జుట్టు నెరిసినా ఆవిడకి నేను తీగలబ్బాయినే.

తరవాత మనిషి అక్కర్లేని ఎక్స్ఛేంజి వచ్చింది. ఎవరికి కావలసిన నంబరు వాళ్ళే నొక్కుకుంటారు. ఆ ఉదయం ఆవిడ వచ్చేసరికి బోర్డూ లేదు, కుర్చీ కూడా లేదు. కింద నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే గది పక్కన, కంప్యూటర్లవాళ్ళ దగ్గరికి పొమ్మన్నారు. అక్కడ అందరికీ సీట్లున్నాయి, ఈవిడకి తప్ప. ఉతికే గదిలోంచి ఆవిరి కొడుతుంటే, వాళ్ళ వీపుల వెనక నిలబడి, ఎవరు ఏ మీట నొక్కుతున్నారో చూస్తూ పని నేర్చుకుంది. “కొత్తవాళ్ళు వచ్చి, నన్ను టీ తెచ్చే మనిషనుకుని కప్పులు చేతికిచ్చేవాళ్ళు. కడిగి ఇచ్చేదాన్ని. కడుగుతూ కూడా స్క్రీను వంకే చూసేదాన్ని,” అని చెప్పింది ఒకసారి. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ గొంతులో బాధేమీ లేదు. పగ ఉంది. ఇప్పటికీ ఉంది.

ఆవిడ చేసే పనేమిటో నాకు అర్థమవడానికి చాలా టీలు పట్టాయి. నాకు అర్థమైనంత చెబుతాను.

ఆసుపత్రిలో కంప్యూటర్లు లెక్కలేనన్ని. ఒక్కో గదికి ఒక్కో ప్రోగ్రాం కావాలి. ప్రతి కంప్యూటరు దగ్గరికీ వెళ్ళి ఎక్కిస్తూ కూర్చుంటే ఏళ్ళు పడుతుంది. పైగా ఒక ప్రోగ్రాం వచ్చి ఇంకోదాని సామాను తన్నేస్తుంది. అందుకని ప్రోగ్రాంనీ, అది బతకడానికి కావలసిన సామాన్లన్నిటినీ కలిపి ఒక డబ్బాలో సర్ది పంపిస్తారు. ఆ డబ్బానే వాళ్ళు ప్యాకేజీ అంటారు. “తన మంచం, తన గిన్నెలు తనే తెచ్చుకుని, గోడకి ఒక్క మేకు కూడా కొట్టకుండా కాపురం చేసే అద్దెవాడు అనుకో,” అంటుంది చీపురక్క. “అలాంటివాళ్ళు మనుషుల్లో దొరకరు. ప్రోగ్రాముల్లో మేం తయారుచేస్తాం.”

ఆ డబ్బా సర్దడానికి ఏమీ లేని ఖాళీ కంప్యూటరు ఒకటి కావాలి. నిజం కంప్యూటరు కాదు. సర్వర్లో ఉత్తుత్తిగా పుట్టించిన కంప్యూటరు, వర్చువల్ మిషన్. ముందు దాన్ని ఖాళీగా ఉండగా ఒక చూపు చూసి గుర్తుపెట్టుకునే పనిముట్టు ఒకటి ఉంటుంది. తరవాత అందులో ప్రోగ్రాం ఎక్కిస్తారు. పనిముట్టు మళ్ళీ చూస్తుంది. ఏది కొత్తగా కనబడితే అదల్లా ఈ ప్రోగ్రాం తెచ్చుకున్న సామానేనని డబ్బాలో వేస్తుంది. ముందునుంచీ ఉన్నదాన్ని ముట్టుకోదు. అది ఇంటివాళ్ళదనుకుంటుంది.

అందుకే ఆ మిషన్ నిజంగా ఖాళీగా ఉండాలి. అక్కడ ఎవరో ఒక కుర్చీ వదిలేశారనుకోండి, కుర్చీ కావలసిన ప్రోగ్రాం వచ్చి, ఇక్కడ ఉందిగా అని కూర్చుంటుంది. పనిముట్టు కుర్చీని డబ్బాలో వేయదు. ఆ డబ్బా తీసుకెళ్ళి వేరే కంప్యూటర్లో తెరిస్తే ప్రోగ్రాం కూర్చోబోయి వెల్లకిలా పడుతుంది. ఇక్కడ మాత్రం ఎన్నిసార్లు చూసినా బాగానే ఉంటుంది. ఇక్కడ కుర్చీ ఉంది కదా.

ఈ ఖాళీ మిషన్లు తయారుచేసి పెట్టడమే మరిది ఉద్యోగం. పెట్టించింది ఈవిడే. “వీధుల్లో బండి వేసుకుని తిరుగుతున్నాడని అత్తయ్య ఏడిస్తే, పెద్దాయన కాళ్ళావేళ్ళా పడి తెచ్చాను,” అంటుంది. పెద్దాయన అంటే వాళ్ళ విభాగానికి అధికారి. మరిది చేయవలసింది ప్రతిసారీ మిషన్ని మొదటినుంచీ కట్టడం. మెమరీ ఎంత, డిస్కు ఎంత అని చెప్పి పుట్టించాలి. దాని మీద సిస్టమ్ ఎక్కించాలి. తనంతట తాను అప్‌డేట్ అవకుండా ఆపాలి. వైరస్‌లు వెతికే దాన్ని నిద్రపుచ్చాలి. అప్పుడు ఆ స్థితిని ఉన్నదున్నట్టు ఫొటో పట్టినట్టు, స్నాప్‌షాట్ తీసి పెట్టాలి. అతను ఒకసారి కట్టి, దాన్నే తల్లి మిషన్ అని పేరు పెట్టి, ప్రతిసారీ ఆ స్నాప్‌షాట్ దగ్గరికే వెనక్కి తిప్పి ఇచ్చేవాడు. అందులో తప్పేమీ లేదు. చాలామంది అలాగే చేస్తారట.

“తప్పెక్కడంటే,” అని చీపురక్క వేలితో బల్ల మీద పొడిచింది, “ఆ తల్లి మిషన్ తెరిచి, వీడియోలు చూసే ప్రోగ్రాం ఎక్కించాడు. సినిమా చూశాడు. చూసి, ఆ ప్రోగ్రాం తీసేశాడు. తీసేస్తే అది పోయింది గానీ, దానితోపాటు వచ్చిన లైబ్రరీ ఫైలు, అదే ఆ కుర్చీ, పోలేదు. ఆ సంగతి తెలీక, పైన మళ్ళీ ఒక స్నాప్‌షాట్ తీశాడు. సినిమా ఏదో తెలుసా? అది కూడా బావుండలేదట! అదీ నాకు మంట.”

కొద్దిరోజులకి రక్తపరీక్షల ల్యాబ్‌కి కొత్త ప్రోగ్రాం వచ్చింది. చీపురక్క ఆ మిషన్ మీదే డబ్బా సర్ది పంపింది. తన దగ్గర పరీక్షించింది, బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు ల్యాబ్ తెరిచేసరికి ఒక్క కంప్యూటర్లోనూ ప్రోగ్రాం నిలబడలేదు. తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. గొట్టాలకి అంటించే చీటీలు అచ్చు కావు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన జనం వరండా అంతా. నర్సులు గొట్టాల మీద పెన్నుతో పేర్లు రాస్తున్నారు, చెమట చేతులకి అవి చెరిగిపోతున్నాయి.

ల్యాబ్ మేడమ్ నేలమాళిగకి దిగి వచ్చింది. అందరి ముందూ.

“‘ఏవమ్మా, అంత శుభ్రం శుభ్రం అంటావు, చీపురు ఎక్కడ పెట్టావ్? ఫోన్లు కలిపేవాళ్ళని తెచ్చి కంప్యూటర్ల ముందు కూర్చోబెడితే ఇలాగే ఉంటుంది’ అంది. నేను నిలబడ్డాను. తప్పేమిటో నాకే తెలీదు, ఏం చెప్పను? వాడు నా పక్కనే ఉన్నాడు. చేతిలో టీ. తాగుతున్నాడు.”

“అతనికి అప్పుడు తెలుసా?”

“నేనూ అదే అనుకున్నాను, తెలీదేమోనని. తరవాత కూర్చుని, కొత్త మిషన్ ఒకటీ వాడి తల్లి మిషనూ పక్కపక్కన పెట్టి, ఫైలు ఫైలూ సరిచూసుకుంటూ పోతే ఆ కుర్చీ దొరికింది. వాణ్ణి క్యాంటీన్లో పట్టుకుని అడిగాను. ఏమన్నాడో తెలుసా? ‘మేడమ్ అరుస్తున్నప్పుడే అర్థమైంది వదినా. అప్పుడు చెప్తే నా ఉద్యోగం పోయేది. నువ్వు పాతమనిషివి, నిన్నెవరూ ఏమీ అనరు. ఇంటి మనిషివి కదా, కప్పెయ్.’ నన్నెవరూ ఏమీ అనరట! అప్పుడే అనేశారు కదరా!”

ఆ ఆఖరి మాట నాతో కాదు. కిటికీలోంచి కిందికి. కింద వరండాలో ఎవరో దగ్గారు.

“పైకి ఎవరొచ్చార్రా?” అత్తగారి గొంతు. “ఇంకెవరి నోటి దగ్గర కూడు లాగేయాలో ఆలోచిస్తున్నారా?”

“నువ్వూరుకో అమ్మా,” మరిది గొంతు. తాపీగా ఉంది. “వదినకి ఇప్పుడు మనుషులతో పన్లేదు. అన్నీ మిషన్లే చేసి పెడతాయి. రేపు నిన్ను కూడా తీసేసి ఇంకో అత్తగారిని స్క్రిప్టుతో పుట్టిస్తుంది.”

చీపురక్క లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. “పుట్టిస్తే మంచిదాన్నే పుట్టిస్తాను, చిన్నోడా! మిషన్ తప్పు చేస్తే ఎర్రక్షరాలతో పైకి చెప్తుంది. పక్కన నిలబడి టీ తాగదు!”

లోపల టీవీ చప్పుడు మరో మెట్టు పెరిగింది.

ఆవిడ వెనక్కి వచ్చి కూర్చుంది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

స్క్రిప్టు సంగతి అప్పటికే నాకు కొంత చెప్పింది. మరిది పేరు ఆఫీసులో బయటపెట్టలేదు. పెట్టకుండా, తన పనంతా అయ్యాక మిగిలిన వేళల్లో కూర్చుని, అతను చేతితో చేసే పనులన్నిటినీ ఒకదాని తరవాత ఒకటి ఆజ్ఞలుగా రాసింది. మీట ఒక్కసారి నొక్కితే మిషన్ శూన్యంలోంచి పుడుతుంది. సిస్టమ్ ఎక్కించుకుంటుంది. ఆపవలసినవి ఆపుకుంటుంది. గుర్తుపెట్టుకునే పనిముట్టుని తెచ్చుకుంటుంది. ప్రోగ్రాం ఎక్కించి, డబ్బా సర్ది బయటికి పంపి, తనని తాను చెరిపేసుకుంటుంది. రేపటికి మళ్ళీ కొత్తది. దాచుకునే తల్లి మిషన్ లేదు, దాన్ని తెరిచేవాడు లేడు, సినిమా లేదు.

ఒక్కసారిగా కుదరలేదు. మొదట్లో ఒకసారి పొద్దున మొదలుపెట్టి, సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు చూస్తే మిషన్ ఉన్నచోటే ఉంది. లోపల ఎక్కడో ‘సరేనా?’ అని ఒక చిన్న కిటికీ లేచి, ఎవరో ఒకరు వచ్చి ‘సరే’ అంటారని రోజంతా ఎదురుచూస్తోంది. “అచ్చం మీ బావలాగే,” అంది. ఇంకోసారి ప్రోగ్రాం మధ్యలో మిషన్ని ఆపి మళ్ళీ మొదలెట్టమంది. లేచాక తను ఎంతవరకు వచ్చిందో దానికి గుర్తులేదు, మళ్ళీ మొదటికి పోయింది. ఆపేచోటల్లా ఒక గుర్తు వదిలి, లేవగానే ఆ గుర్తు చూసుకోమని నేర్పింది. అలా తిట్టుకుంటూ, చెరుపుకుంటూ, నిలబెట్టింది. అంతదాకా పాత ప్రోగ్రాంతోనే నెట్టుకొచ్చిన ల్యాబ్‌కి ఆ మిషన్ మీదే మళ్ళీ డబ్బా సర్దింది. ఈసారి నిలబడింది. ల్యాబ్ మేడమ్ మాత్రం మళ్ళీ కిందికి దిగలేదు. తిట్టడానికి దిగిన మనిషి, బాగుపడిందని చెప్పడానికి దిగదు.

“ఒకటి అడుగుతాను, కోప్పడకు,” అన్నాను. “పని కోసం రాశావా, అతని మీద కసితో రాశావా?”

“రెండూ,” అంది వెంటనే. “పని మంచిది. కసి ఇంకా మంచిది. కసి లేకపోతే ఆ ‘సరేనా’ కిటికీ దగ్గరే మానేసేదాన్ని.”

గొడవ ఇప్పుడు ఎక్కడికొచ్చిందంటే, పెద్దాయన సంతోషించి, ఆ సంతోషంలోనే అడిగాడు: ‘అమ్మా, మిషన్లు వాటంతటవే పుడుతుంటే మీ మరిది దేనికి? రేపు పొద్దున ఒక మాట చెప్పండి. అవసరం అంటే ఉంచుతాను. కాదంటే పంపేస్తాను. మీ మాటే ఖాయం.’ ఆ మాట ఎవరి ద్వారానో కింద వాటాకి చేరింది. అప్పటినుంచీ అత్తగారు ఈవిడ మొహం చూడటం మానేసింది. మెట్ల దీపం మీట కింద వాటాలో ఉంటుంది. ఈవిడ గేటు తీసిన చప్పుడు కాగానే అది ఆరిపోతోంది. చీకట్లో, ఆ బండి పక్కనుంచి ఎక్కాలి. పిక్క అలా కాలింది.

“మొహం చాటేస్తే నేనే దిగివచ్చి బతిమాలుకుంటానని అనుకున్నారు కాబోలు, ముందు. తరవాత నన్ను భయపెడదామనుకున్నారు,” అంది. “ఒక్కరు కూడా ఇంతవరకూ, ‘తప్పు మావాడిది’ అనలేదు. మీ బావగారితో సహా. ‘పోనీలేవే, చిన్నవాడు’ అంటాడు. గడ్డం నెరుస్తున్న చిన్నవాడు!”

నేను కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాను.

“అక్కా, పగ పక్కన పెట్టు. నిజంగా అతను అవసరమా, కాదా?”

ఆవిడ కిటికీ వైపు చూసింది. గొంతు తగ్గించింది, కిందికి వినబడకూడదని.

“మిషన్ కట్టడానికి అక్కర్లేదు. కానీ ప్రతి ప్రోగ్రామూ ఎక్కేటప్పుడు ఏవో ప్రశ్నలు అడుగుతుంది. జవాబులు ముందే రాసి స్క్రిప్టుకి ఇవ్వాలి. ఎక్స్‌రే వాళ్ళది ఒకే ప్రశ్న రెండుసార్లు అడుగుతుంది, రెండోసారి ‘వద్దు’ అనాలి. మందుల కౌంటరుది ప్రింటరు పేరు అడుగుతుంది, కంప్యూటర్లో ఉన్న పేరు వేరు, వాళ్ళు పిలిచే పేరు వేరు. ఇవి ఆయా గదుల్లో కూర్చున్నవాళ్ళకే తెలుస్తాయి. వీడు కూర్చున్నాడు, పాపిష్టివాడు. పని ఎగ్గొట్టడానికే అనుకో, ప్రతి అంతస్తులోనూ కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. ఏ కౌంటరు ఏం అడుగుతుందో నిద్రలో లేపినా చెప్తాడు. నాకు తెలీదు. నేను నేలమాళిగ దాటి పైకి వెళ్ళింది ఎప్పుడు?”

“మరి అవసరమనే చెప్పొచ్చుగా.”

“చెప్తే? వీడు మళ్ళీ నా పక్కన నిలబడి టీ తాగుతాడు. కింద అత్తయ్య, ‘చూశావా, దారికొచ్చింది’ అంటుంది. నేను బండిని రాసుకుంటూ మెట్లెక్కుతాను. నా కుర్చీ తీసేసిన రోజు నాకోసం ఎవరైనా ఒక మాట చెప్పారా? నువ్వు చెప్పావా?”

చెప్పలేదు. అప్పుడు నాకూ ఆ తీగల పనే పోయింది, కానీ అది జవాబు కాదు. నేను కప్పు తీసుకెళ్ళి కడగబోయాను. ఆవిడ లాక్కుంది. “నీకు కడగడం రాదు. అడుగున మరక ఉంచుతావు,” అని, తనే తోమి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ తోమింది. కప్పు బోర్లించాక చేతులు తుడుచుకుంది.

“వెళ్తున్నావా?”

“వెళ్తాను.”

“కింద వాడు వరండాలోనే ఉంటాడు. ఒక మాట చెప్పు. నా మాటగానే చెప్పు, తేనె పూయకు. రేపు పొద్దున నేను పెద్దాయన గదిలోకి వెళ్ళేలోపు, ల్యాబ్ కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఆ మేడమ్‌తో, అక్కడున్న నర్సులందరి ముందూ చెప్పమను. సినిమా చూసింది నేను, మిషన్ పాడుచేసింది నేను, మా వదిన కాదు అని. మెల్లిగా గొణిగితే కుదరదు. ఆవిడ ఎంత గట్టిగా అరిచిందో అంత గట్టిగా.”

“చెబితే?”

“చెబితే, అవసరమని నేనూ చెప్తాను. నేలమాళిగలో నా పక్కన చోటుంది గానీ కుర్చీ లేదు. ఎక్కడినుంచి మోసుకొస్తాడో మోసుకురమ్మను. ప్రశ్నలన్నీ, జవాబులన్నీ వాడు చెప్తాడు, నేను రాస్తాను. టీ తెచ్చుకుంటే చెయ్యి విరగ్గొడతాను.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే పెద్దాయనకి ఒక్క మాటే కదా కావలసింది. అదీ గట్టిగానే చెప్తాను.”

నేను చెప్పులు వేసుకున్నాను. మెట్లు సగం దిగానో లేదో, పైనుంచి పిలిచింది. రెయిలింగు మీదకి వంగి, చేతిలో ఆ తుడిచే గుడ్డతోనే ఉంది.

“తీగలబ్బాయీ! ఆ ల్యాబ్ సంగతి రేపటిది. ఆ బండి మాత్రం ఇప్పుడే తీయమను. తీసేదాకా నువ్వు అక్కడినుంచి కదలకు.”